రిజిస్టర్‌లో జ్వరం

ఆ వ్యాసంలో నేను రెండు పేరాల్లో ఉన్నాను. మొత్తం చదవడానికి ముప్పావు గంట పడుతుంది. గద్వాల చుట్టుపక్కల, విత్తనాల కోసం పెంచే సీడ్ పత్తి చేలల్లో పనిచేసే ఆడపిల్లల గురించి రాసినది. అందులో నన్ను ‘పదవీ విరమణ చేసిన ఆరోగ్య శాఖ ఉద్యోగి’ అన్నారు. నా గురించి రాసిన ప్రతి మాటా నిజమే. అయితే వ్యాసం పూర్తయ్యాక ఒక ఉదయం గడిచింది. అది అందులో లేదు. దాన్ని చూసిన వాళ్లలో రాసే అలవాటు ఉన్నది నా ఒక్కడికే కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ పత్రిక సంగతి. అది కాగితం మీద రాదు, ఇంటర్నెట్‌లో మాత్రమే వస్తుంది. హైదరాబాదులో రెండు అద్దె గదుల్లో ఐదారుగురు కలిసి నడుపుతారు. ప్రకటనలు వేసుకోరు. దినపత్రిక జిల్లా పేజీలో నాలుగు లైన్లతో సరిపెట్టే సంగతిని వీళ్లు నెలల తరబడి తిరిగి, పదిమందితో మాట్లాడి, తీరిగ్గా రాస్తారు. రిటైరైన తర్వాత నాకు అది అలవాటైంది. పొద్దున టీ తాగి, కళ్లజోడు పెట్టుకొని, ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకొని చదివేవాణ్ని.

ఒకసారి సీడ్ పత్తి మీద ఒక చిన్న వ్యాసం వచ్చింది. అందులో ఒక తప్పు దొర్లింది. ఆడ మొక్క మొగ్గ ఒలవడం, మగ పువ్వు తెచ్చి రుద్దడం, రెండూ ఒకే పూట జరుగుతాయని రాశారు. మొగ్గ ఒలిచేది మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా. పువ్వు రుద్దేది మర్నాడు పొద్దున, ఎండ ఎక్కకముందు. ఆ మాట రాసి పంపాను. రెండో రోజు జవాబు వచ్చింది. వ్యాసం అడుగున, ఒక పాఠకుడు తెలియజేసిన మీదట సవరించాం అని చేర్చారు. నా సర్వీసంతా పైవాళ్లకు నోట్లు రాస్తూనే గడిచింది. ఒక్కదానికి కూడా అట్లాంటి జవాబు రాలేదు. ఆ సంతోషంతో, మీకింత వివరంగా ఎట్లా తెలుసని వాళ్లడిగితే, డైరీలు ఉన్నాయని చెప్పాను.

పద్దెనిమిదో ఏట నుంచి రోజుకొక పేజీ రాస్తున్నాను. ఎండా వానా, పోయిన ఊరు, చూసిన మనిషి, విన్న మాట. బిజినేపల్లిలో ఆరోగ్య కార్యకర్తగా చేరినప్పటివి, వీపనగండ్లవి, వనపర్తివి, చివరి పదిహేనేళ్లు గద్వాల దగ్గర సూపర్‌వైజర్‌గా ఉన్నప్పటివి, అన్నీ సంవత్సరాల వారీగా బీరువాలో ఉన్నాయి. నా భార్యకు వాటి మీద ఎప్పుడూ కోపమే. “చీరెలు పెట్టుకోనీకె అర లేదు గానీ, మీ బొందల గుడ ఒక డైరీ పెట్టిపిస్తలే, పైకి పోయినంక రాసుకుందురు” అనేది.

పత్రిక నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు మారి, భుజాన సంచితో మా ఇంటికి వచ్చి, మూడు రోజులు ముందు గదిలో కూర్చొని డైరీలు చదివింది. ఒక్కో పేజీ ఫోటో తీసుకునే ముందు “తీసుకోవాల్నా సార్?” అని అడిగేది. రెండో రోజు మధ్యాహ్నం ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. రెండుసార్లు చదివి నా వైపు తిరిగింది.

“సార్, ఇది రాసినంక మల్ల ఎప్పుడన్న తీసి చదివిండ్రా?”

లేదన్నాను. ఏ పేజీయో చూడకుండానే చెప్పాను. నాకు తెలుసు.

పదకొండేళ్ల కిందటి మాట అది. క్రాసింగ్ కాలం, అంటే మొగ్గలు ఒలిచి పువ్వులు రుద్దే రోజులు. ఆ రెండు మూడు నెలలు ఊళ్లలో ఆడపిల్లలు బడి మానేసి సీడ్ పత్తి చేలకు పోతారు. చెట్ల ఎత్తుకు వాళ్లే సరిపోతారని, వేళ్లు సన్నగా ఉంటాయని రైతులు వాళ్లనే పిలుస్తారు. ఒక ఊళ్లో పదమూడేళ్ల పాప అట్లా పోయింది. తెల్లవారుజామున మందు కొట్టిన చేనులోనే ఆ పొద్దున కూలీలను దింపారు. పది గంటలకల్లా పాప కడుపు పట్టుకొని ఇంటికి వచ్చింది. తల్లికి ఆ రోజు ఒంట్లో బాగాలేక పనికి పోలేదు. కడుపునొప్పి అనుకొని ఆకు పసరు పిండి తాగించింది. కాసేపటికే నోట్లో నురగ మొదలైంది. నేను ఆ ఊళ్లోనే పిల్లలకు సూదులు వేయిస్తున్నాను. ఎవరో ఉరికి వచ్చి పిలిస్తే పోయి చూశాను. జీపులో దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి పెద్ద దవాఖానకు పంపాడు. దారిలోనే పోయింది, వెనక్కి తెచ్చాం.

ఆ రాత్రి డైరీలో రాసినది ఇది: “పాప, పదమూడేళ్లు. కనుపాపలు ఆవగింజలంత. నోట నురగ. ఒళ్లంతా చెమట. బట్టలకు పత్తి మందు వాసన. పొద్దున మందు కొట్టిన చేనులో దింపారట. డాక్టరు విషానికి ఇచ్చే ఇంజెక్షనే ఇచ్చాడు. దారిలో పోయింది. రిజిస్టర్‌లో జ్వరం అని రాశాను. సాయంత్రం వాన.”

జ్వరం అని రాయమన్నది డాక్టరు. “విషం అంటే పోలీసులొస్తారు, పోస్ట్‌మార్టం చేస్తారు. చిన్నపిల్లను కోస్తారండీ. ఆ తల్లి తట్టుకుంటుందా?” అన్నాడు. చేను రైతు బయట మోటారు సైకిల్ పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన నన్ను బెదిరించలేదు. ఒక్క మాట కూడా అడగలేదు. అందరికీ అదే తేలిక అనిపించింది. నేను రాశాను.

అంతటితో ఊరుకుంటే ఒక తీరు. వారం తర్వాత తల్లి నా దగ్గరకు వచ్చి “పసరుతోనే పాయెనా సారు?” అని అడిగింది. “అయిందేదో అయిందమ్మా” అన్నాను. ఆ తర్వాతి నెల అదే ఊళ్లో, అంగన్‌వాడీ వరండాలో ఆరోగ్య సభ పెట్టాం. అక్కడ తల్లులకు చెప్పాను: కడుపునొప్పి అనగానే పసర్లు తాగించకండి, మొన్న మన ఊళ్లోనే ఏమైందో చూశారు కదా అని. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు. అందరూ వెనక్కి తిరిగి ఆమెను చూశారు. పక్క ఊళ్ల సభల్లో కూడా అదే ఉదాహరణ చెప్పాను. బాగా పనిచేసింది. పసర్లు తగ్గాయి. అది కూడా డైరీలో ఉంది.

పత్రిక అమ్మాయి ఆ ఊరు పోయి ఆ తల్లితో అప్పటికే మాట్లాడి ఉంది.

“ఆమె నాతోని ఏం చెప్పిందో తెల్సా సార్? నా చేతులతోని నేనే తాపి చంపుకున్న అన్నది. ప్రతి ఆదివారం ప్రార్థనల లేచి గదే చెప్పుకుంటదంట, క్షమించమని. మూడు గంటలు నాతోని గదే మాట.”

ఆ అమ్మాయి డైరీ పేజీ మీద వేలు పెట్టింది.

“ఆమెకు ఈ పేజీ సంగతి ఎవరు చెప్పాలె సార్? నేనా, మీరా?”

“నేనే చెప్పొస్త బిడ్డా.”

“తప్పకుండ?”

“తప్పకుండ.”

పేజీ ఫోటో తీసుకోవడానికి ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో దాచను. ఆ పత్రిక పేర్లు మారుస్తుందని తెలుసు. ఆ ఊళ్లో దాన్ని చదివేవాళ్లు లేరనీ తెలుసు. ఎక్కడో దూరాన ఉన్నవాళ్లు చదువుతారు, నా బరువు దిగుతుంది, ఇక్కడ ఎవరికీ తెలియదు. నా లెక్క అది.

ఆ తల్లికి చెప్పడానికి పోలేదు. ఆ ఊరు గద్వాల నుంచి బస్సులో ముప్పావు గంట. ఆ నెల డైరీలో “ఎండ ఎక్కువ. ఊరికి పోలేదు” అని ఒక చోట, “మోకాలు నొప్పి. పోలేదు” అని ఇంకో చోట, “పోలేదు” అని మాత్రమే చాలా చోట్ల ఉంది.

నాకు తెలియనిది ఆ పత్రిక పనిచేసే పద్ధతి. వ్యాసం రాసిన మనిషి వేరు, దాన్ని సరిచూసే మనిషి వేరు. ఆ రెండో మనిషి వ్యాసంలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి, వాళ్ల గురించి రాసినదంతా అక్షరం వదలకుండా చదివి వినిపిస్తాడు. చదువు రాని వాళ్లకైతే ఇంకా నిదానంగా, అడిగినన్ని సార్లు. ఒప్పుకుంటేనే వేస్తారు.

నాకు ఫోన్ చేసిన అతని గొంతు మెత్తగా ఉంది. ఒక్కో వాక్యం చదివి ఆగేవాడు. “కనుపాపలు ఆవగింజలంత అని రాశారు, అంతేనా సార్?” అంతే. “రిజిస్టర్‌లో జ్వరం అని రాసింది మీ చేతితోనేనా?” నా చేతితోనే. “సభల్లో పసరు ఉదాహరణ చెప్పింది మీరేనా?” నేనే. అన్నింటికీ సరిగ్గా జవాబు చెప్పాను. చివర్లో అతను, “తల్లికి ఈ విషయం మీరు చెప్పొస్తానన్నారని మావాళ్లు రాసిపెట్టారు. చెప్పారు కదా సార్?” అన్నాడు.

“ఆఁ” అన్నాను.

ఆ సాయంత్రమే అతను ఆ తల్లికి ఫోన్ చేశాడు. ముందే తెలుసనుకొని, ఎట్లా ఉన్నది అట్లా చదివి వినిపించాడు.

మర్నాడు పొద్దున ఎనిమిది గంటలకు ఆమె మా గేటు దగ్గర ఉంది. పదకొండేళ్లలో మనిషి సగమైంది. నా భార్య “లోపలికి రా అమ్మా, కూసో” అంది.

“కూసోనీకె రాలేదమ్మా.” నా వైపు చూసింది. “గా పట్నం సారు ఫోన్ల ఒకటి సదివిండు. గది నీ పుస్తకంల ఉన్నదా?”

“ఉందమ్మా.”

“తీయ్. సదువు.”

తెచ్చి, నిలబడే చదివాను. మళ్లీ చదవమంది. చదివాను.

“ఆవగింజలంత అంటె?”

“కంటిలో నల్లగుడ్డు మధ్యన ఉంటుంది కదమ్మా, చుక్క. పత్తి మందు ఒంట్లోకి పోతే అది చిన్నదైపోతుంది. పసరు తాగితే కాదు.”

“పసరు తాపకపోయినా గట్లనే అయ్యుండునా?”

“అట్లనే అయ్యుండేది. పసరుకూ దానికీ ఏం సంబంధం లేదు.”

ఆమె గేటు పట్టుకుంది. ఏడవలేదు. నా చేతిలో పుస్తకాన్ని చూస్తూ అంది: “వాన గుడ రాసినవు. వాన గుడ రాసుకున్నవు సారు. నాతోని ఒక్క మాట చెప్పనీకె నోరు రాకపాయె?”

నా భార్య అప్పటిదాకా తలుపు దగ్గరే ఉంది. ఆమెకూ ఇది తెలియదు. ముప్పై ఏళ్లుగా ఎగతాళి చేసిన ఆ పుస్తకాల్లో ఏముందో ఎప్పుడూ తెరిచి చూడలేదు.

ఏదో ఒకటి అనాలని, “వాళ్లు రాస్తున్నారు కదమ్మా. అందరికీ తెలుస్తుంది” అన్నాను.

“ఎవలకు తెలుస్తది? నా బిడ్డ పేరు పెట్టి రాయుండ్రని చెప్పిన, రాస్తమన్నరు. మంచిదే. మా వాడల గంతసేపు ఫోన్ పట్టుకొని సదివేటోళ్లు ఎవలున్నరు? పసరు తాపి సంపిందని నన్ను అంటరు. మొన్న గుడ అన్నరు, నా తమ్ముని కోడలు కాన్పుకు పోతె, పిల్లగాన్ని ఎత్తుకోనియ్యలె. నువ్వు మీటింగుల నోటితోని చెప్పినవు. నోటితోనే చెప్పు, వచ్చి.”

“ఇప్పుడు మీటింగు పెట్టడానికి నాకు...”

“మీటింగు లేదు గీటింగు లేదు. పొద్దుగాల ఆటోల కాడ అందరుంటరు. రేపు రా.”

నీళ్లు కూడా తాగకుండా పోయింది. నా భార్య ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. రాత్రి అన్నం పెడుతూ “మొదటి బస్సుకు పోండి. నేను లేపుత” అంది.

మర్నాడు ఆరుంబావుకు ఆ ఊళ్లో దిగాను. క్రాసింగ్ మొదలై వారమైంది. అంగన్‌వాడీ ముందు రెండు ఆటోలు ఆగి ఉన్నాయి. ఆడవాళ్లు, ఆడపిల్లలు చీరల మీద, లంగాల మీద మగవాళ్ల అంగీలు తొడుక్కొని, తలలకు తువ్వాళ్లు చుట్టుకొని, సద్ది డబ్బాలతో నిలబడి ఉన్నారు. వాళ్లలో సగానికి సగం పిల్లలే. ఆమె వరండా మెట్టు పక్కన ఉంది. అంగీ తొడుక్కోలేదు.

“సూదుల సారు గదా?” అన్నారెవరో. “ఏంది సారు, మల్ల పసర్ల ముచ్చటనా?” అని ఇంకొకామె అంటే నవ్వారు.

“పసర్ల ముచ్చటే” అన్నాను. ఆపైన చెప్పాను. పాప పోయింది పసరుతో కాదనీ, పత్తి మందుతో అనీ. నాకు ఆ రోజే తెలుసనీ. జ్వరం అని రాసింది నేనేననీ. ఈ వరండాలో నేను చెప్పింది అబద్ధమనీ. రాత్రంతా మనసులో వరుస పెట్టుకున్నాను. రెండు నిమిషాల్లో అయిపోయింది.

వెనక ఉన్నవాళ్లు “ఏందంట?” అంటే “పసరు గాదంట, మందంట” అన్నారు. డబ్బాలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నారు. నేను కోపం వస్తుందనుకున్నాను. తిడతారనుకున్నాను. చివరికి ఒక ముసలామె, పాప తల్లికి చిన్నత్త అవుతుంది, నేల చూస్తూ అంది:

“మాకెర్కనే గద సారు.”

“ఏం ఎర్క?” అంది తల్లి.

“గా దినం అదే చేనుకు మేము గుడ పోతిమి గద. నాకు గుడ కక్కుడైంది. మందు కొట్టిన చేనుల దింపిండని అందరికెర్కనే.”

“నీకు ఎర్కనా అత్తా?”

“చెప్తె పని యాడిది పిల్లా? అందరం గా చేనుకే పోవాలె.”

ఆమె ఒక్కొక్కరి ముఖమే చూసింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. పదకొండేళ్లు నేనొక్కణ్నే దాచాననుకున్నాను. ఆ పొద్దున తెలిసింది, ఆ వాడలో తెలియనిది ఆమె ఒక్కతెకే. నా మాట వాళ్లకు అడ్డు పెట్టుకోవడానికి పనికొచ్చింది. దవాఖాన సారే చెప్పాడు కదా, పసరు అని.

ఆటో డ్రైవరు హారన్ కొట్టాడు. “ఎక్కుండ్రి ఎక్కుండ్రి. ఎండ ఎక్కితె పూలు వాడుతయి, రైతు నన్నంటడు.”

ఎక్కడం మొదలుపెట్టారు. పన్నెండేళ్లుంటాయేమో, ఒక పిల్ల, మోకాళ్ల దాకా ఉన్న అంగీ చేతులు మడుచుకుంటూ ఆటో కడ్డీ పట్టుకుంది. ఆమె పోయి ఆ పిల్ల రెక్క పట్టుకుంది.

“మీ చేనుల మందు ఎప్పుడు కొట్టిండ్రు? అడిగినవా?”

“తెల్వదు పెద్దమ్మా.”

పిల్ల తల్లి ఆటోలోంచి అరిచింది. “నా బిడ్డను పట్టుకునేటందుకు నువ్వెవలు? నీ బిడ్డను నువ్వు...” అని ఆగిపోయింది.

ఆమె చెయ్యి వదల్లేదు. నా వైపు తిరిగింది. “సారు, ఫోన్ చేసి అడుగు రైతును.”

రైతు నంబరు డ్రైవరు చెప్పాడు. చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. డ్రైవరు “ఓ సారు, జరుగుండ్రి ఇగ” అన్నాడు. పిల్ల చెయ్యి విడిపించుకొని ఎక్కింది. వెనకే ఆమె కూడా ఎక్కింది. తువ్వాలు లేదు, సద్ది లేదు. ఆ పిల్ల పక్కనే ఇరుక్కొని కూర్చుంది. ఆటో పోయింది.

పది నిమిషాలకు రైతు తిరిగి ఫోన్ చేశాడు. “ఎవరు?” అన్నాడు. చెప్పాను. “మందా? రాత్రి పురుగు కనపడ్డదంటె తెల్లారగట్ల కొట్టించిన. ఏమైతది సారు, పొద్దెక్కినంక ఆరిపోతది గద” అన్నాడు. అందరినీ బయటే ఆపమన్నాను. “మీరెవరండీ ఆపనీకె?” అని పెట్టేశాడు.

ఆమెకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. చేను రెండు కిలోమీటర్లు ఉంటుందని ఎవరో చెబితే నడవడం మొదలుపెట్టాను. కాలువ గట్టు మీదుగా పోయాను. మోకాలు మాట వినలేదు. గంట పట్టింది.

దూరం నుంచే కనిపించింది. ఆమె గట్టు మీద నిలబడి ఉంది. ఆ పిల్ల ఆమె పక్కన మట్టిలో కూర్చొని ఏడుస్తోంది. లోపలి నుంచి పిల్ల తల్లి పువ్వులు రుద్దుకుంటూనే తిడుతోంది. నేను దగ్గరకు పోయి, తెల్లారే మందు కొట్టారని చెప్పాను. “ఎర్కనే, కంపు కొడుతుంది” అంది. మిగతా వాళ్లను పిలిచి చెప్పావా అని అడిగాను.

“చెప్పిన. పొద్దుగాల నీ మాట ఇన్నట్లనే ఇన్నరు.”

నేను గట్టు మీది నుంచి గట్టిగా అరిచి చెప్పాను. ఒకరిద్దరు తలెత్తి చూసి మళ్లీ వంగారు. చేనులో పద్నాలుగు మంది ఉన్నారు. లెక్కపెట్టాను. అందులో పిల్లలు ఎనిమిది మంది.